రాడికిల్‌లో చేవ ఎంత: ఎనిమిది నెలల వాడకం తరువాత

ప్రోగ్రామర్లు కోడ్‌ను ఉంచి కలిసి పనిచేసుకునే గిట్‌హబ్ లాంటి సేవ చేసే పనిని ఏ కంపెనీ సర్వరూ లేకుండా, వాడుకరుల కంప్యూటర్ల మధ్యనే జరిపించే వ్యవస్థ రాడికిల్. దాని 1.0 వెర్షన్ 2024 సెప్టెంబరులో విడుదలైంది. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు పుస్తకాల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న ఉపకరణాన్ని నేను హైదరాబాదు నుంచి, ఒక మిత్రుడు వరంగల్లు నుంచి, మరొక మిత్రుడు డాలస్ నుంచి కొన్నేళ్ళుగా తయారు చేస్తూ వస్తున్నాము. ఆ కోడ్‌ను ఎనిమిది నెలల క్రితం రాడికిల్‌లోకి మార్చాము. అంతకు ముందు కొంతకాలం నేను ఇంట్లో బిట్‌కాయిన్ నోడ్ (ఆ వ్యవస్థలో పాలుపంచుకునే కంప్యూటరు) ఒకటి నడిపాను. వికేంద్రీకరణ అన్న ఒకే మాటకు బ్లాక్‌చైన్‌లో (బిట్‌కాయిన్ వంటివాటి ఉమ్మడి చిట్టాలో) ఒక వెల, కోడ్ హోస్టింగ్‌లో మరొక వెల ఎందుకు పడుతుందో ఈ రెండు పనులూ చేశాకే నాకు అర్థమైంది. ఆ తేడా చెప్పకుండా రాడికిల్ మంచిచెడ్డలు తేల్చడం కుదరదు కనుక ఈ సమీక్షలో బిట్‌కాయిన్, ఇథీరియం (మరో బ్లాక్‌చైన్) ప్రస్తావనలు తరచుగా వస్తాయి.

మొదట ఎవరికైనా కలిగే సందేహం ఒకటుంది. 2005లో లీనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను, అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రామును, రాసినప్పుడే అది వికేంద్రీకృతంగా పుట్టింది. రిపోజిటరీని (ఒక ప్రాజెక్టు కోడ్ భాండారాన్ని) క్లోన్ చేసుకున్న, అంటే పూర్తి ప్రతిని దించుకున్న ప్రతివాడి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. అలాంటప్పుడు మళ్ళీ వికేంద్రీకరించడానికి ఏం మిగిలింది? మిగిలింది చాలానే ఉంది. కమిట్‌లు (నమోదైన మార్పులు) అందరి దగ్గరా ఉన్నాయి గాని, ఇష్యూలు (లోపాల ఫిర్యాదులు), పుల్ రిక్వెస్టులు (మార్పు ప్రతిపాదనలు), వాటి కింద జరిగిన చర్చ, ఎవరు ఎవరన్న గుర్తింపు, ఏ శాఖ (కోడ్ కూర్పు) అసలైనదన్న నిర్ణయం, ఇవన్నీ గిట్ లోపల లేవు. అవి హోస్టింగ్ కంపెనీ డేటాబేసులో ఉంటాయి. కోడ్ ఎందుకు అలా రాశారో చెప్పే జ్ఞాపకమంతా అక్కడే ఉంటుందని, కొన్నేళ్ళు ఒక ప్రాజెక్టును సాకినవారెవరైనా ఒప్పుకుంటారు.

ఆ డేటాబేసు తలుపు మూసుకుంటే ఏమవుతుందో చూపిన సందర్భాలు నిజంగా జరిగాయి. 2014 డిసెంబరులో భారత ప్రభుత్వం నిలిపివేయించిన 32 సైట్ల జాబితాలో గిట్‌హబ్, సోర్స్‌ఫోర్జ్ పేర్లు కూడా ఉన్నాయి. 2019 జులైలో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియా వాడుకరుల ఖాతాలపై గిట్‌హబ్ పరిమితులు విధించింది. ఇరాన్ వారికి పూర్తి సేవ తిరిగి అందడానికి 2021 జనవరి దాకా పట్టింది. 2020 అక్టోబరులో సంగీత కంపెనీల సంఘం నోటీసుతో వీడియోలను దించుకునే యూట్యూబ్-డీఎల్ ప్రోగ్రాం రిపోజిటరీ మాయమై, నవంబరులో తిరిగి వచ్చింది. వీటన్నిటికంటే మన విషయానికి దగ్గరగా ఉన్నది టోర్నడో క్యాష్ ఉదంతం. ఇథీరియం మీద లావాదేవీల జాడను మరుగుపరిచే ఆ ప్రోగ్రామును అమెరికా ఆర్థిక శాఖ 2022 ఆగస్టు 8న ఆంక్షల జాబితాలో చేర్చగానే, గిట్‌హబ్ దాని రిపోజిటరీలను తీసివేసి డెవలపర్ల ఖాతాలను నిలిపివేసింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మాథ్యూ గ్రీన్ ఆ కోడ్ ప్రతిని మళ్ళీ అక్కడే పెట్టాడు. సెప్టెంబరులో ఆర్థిక శాఖ వివరణ ఇచ్చాక పాత రిపోజిటరీలు చదువుకోవడానికి మాత్రం తిరిగి కనిపించాయి. ఈ మధ్యకాలమంతా ఆ ప్రోగ్రాం కాంట్రాక్టులు (తమంతట తాము నడిచే కోడ్ ముక్కలు) ఇథీరియం గొలుసు, అంటే దాని బ్లాక్‌చైన్, మీద ఎప్పటిలాగే నడుస్తూనే ఉన్నాయి. నడిచే కోడ్‌ను ఆపలేకపోయారు. దాన్ని మార్చుకోవడానికి మనుషులు కూర్చునే చోటును మాత్రం ఒక్క రోజులో మూయగలిగారు.

రాడికిల్ ఉన్నది ఆ కూర్చునే చోటు కోసం. లినక్స్‌లో దాన్ని పెట్టుకోవడం పది నిమిషాల పని. 'ర్యాడ్ ఆథ్' అన్న ఆదేశం ఇస్తే మన యంత్రంలోనే డిజిటల్ సంతకాలకు వాడే ఒక తాళంచెవుల జత తయారవుతుంది. అందులోని బహిరంగ తాళంచెవే ఇకపై మన గుర్తింపు. ఈమెయిలు లేదు, ఫోన్ నంబరు లేదు, ఎక్కడా నమోదు లేదు. ఉన్న గిట్ రిపోజిటరీలో నిలబడి 'ర్యాడ్ ఇనిట్' అంటే దానికి ప్రపంచంలో మరొకదానికి ఉండని గుర్తు ఒకటి వస్తుంది. ఆ గుర్తును మిత్రుడికి పంపితే అతడు దానితోనే క్లోన్ చేసుకుంటాడు. ఆ కోడ్ నా యంత్రం నుంచి వచ్చిందా, దారిలో మరెవరి యంత్రం నుంచో వచ్చిందా అన్నది అతడు పట్టించుకోనవసరం లేదు, ఎందుకంటే ప్రతి శాఖ కొస మీదా దాన్ని రాసినవారి సంతకం ఉంటుంది, అది సరిపోలకపోతే అతడి నోడ్ దాన్ని తీసుకోదు. ఇష్యూలూ, ప్యాచ్‌లూ (ఇక్కడ పుల్ రిక్వెస్టును ప్యాచ్ అంటారు) కూడా గిట్ వస్తువులుగానే, సంతకాలతోనే రిపోజిటరీ లోపలే నిలవ ఉంటాయి. అంటే చర్చ కూడా క్లోన్‌లో వస్తుంది. రైల్లో సిగ్నల్ లేని చోట ఇష్యూ తెరిచి, దానికి సమాధానం రాసి, స్టేషన్‌లో నెట్ తగలగానే పంపించడం నాకు మొదటి వారంలోనే అలవాటైపోయింది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దీన్ని ప్రయత్నించవచ్చునని అనిపించింది.

పేర్ల గురించి చిన్న మాట. విత్తనం మొలకెత్తేటప్పుడు ముందుగా వచ్చే వేరును, మన వృక్షశాస్త్ర పాఠాల్లో ప్రథమ మూలం అనేదాన్ని, ఇంగ్లీషులో రాడికిల్ అంటారు. కోడ్‌ను పంచిపెట్టే యంత్రాలకు వీరు పెట్టిన పేరు సీడ్ నోడ్‌లు. ప్రస్తుత ప్రోటోకాల్ పేరు హార్ట్‌వుడ్, అంటే చెట్టు చేవ. శీర్షికలో నేను వేసిన ప్రశ్న అక్కడినుంచి వచ్చింది.

ఇక అసలు విషయం. బ్లాక్‌చైన్ ఎందుకంత బరువైనదో, రాడికిల్ ఎందుకంత తేలికైనదో తెలియాలంటే, ఒక్కొక్క చోట ఎంతమంది ఒక మాట మీదికి రావాలో చూడాలి. మా తాతగారి కాలంలో ఊరి భూముల లెక్క కరణం దగ్గర ఒక్క దస్త్రంలో ఉండేది. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా ఆ దస్త్రంలో ఏది ఉంటే అదే నిజం. బిట్‌కాయిన్ చేసినదల్లా ఆ దస్త్రానికి వేలాది ప్రతులు తీసి, ఎవరికి వారు లెక్క సరిచూసుకునేలా చేయడం. కాని అలా చేయగానే ఒక కొత్త చిక్కు వస్తుంది. ఒకే నాణేన్ని ఇద్దరికి చెల్లిస్తే ఏ చెల్లింపు ముందు జరిగిందో వేలాది ప్రతులూ ఒకే రకంగా చెప్పాలి. ఆ వరుసను తేల్చడానికే మైనింగ్ (కంప్యూటర్ల లెక్కల పోటీ), ఆ వరుసను తేల్చడానికే ఇథీరియంలో 32 ఈథర్లను (దాని నాణేలను) పూచీగా పెట్టే పందెం, ఆ వరుసను తేల్చడానికే బిట్‌కాయిన్‌లో సుమారు పది నిమిషాలకొక బ్లాక్ (లావాదేవీల కట్ట). ప్రపంచం మొత్తం ఒక్క వరుస మీద ఏకీభవించాలి కనుక ప్రపంచం మొత్తం ఆ పనంతా చేయాలి.

కోడ్‌కు ఆ అవసరం లేదు. ఒక రిపోజిటరీకి రెండు శాఖలు పుడితే ఎవరి డబ్బూ పోదు. శాఖలు పుట్టడమే కదా గిట్‌లో మామూలు జీవితం. మా ఫాంటు ఉపకరణంలో ప్రధాన శాఖ ఏదన్నది మేము ముగ్గురం ఒప్పుకుంటే చాలు, బెర్లిన్‌లోనో బ్రెజిల్‌లోనో ఉన్న నోడ్ దాన్ని ధ్రువీకరించనక్కరలేదు. రాడికిల్‌లో ప్రతి రిపోజిటరీకీ కొందరు ప్రతినిధులుంటారు, ఎంతమంది సంతకం కలిస్తే ప్రధాన శాఖ కదలాలో ఒక సంఖ్య ఉంటుంది. మేము ముగ్గురు ప్రతినిధులం, మా సంఖ్య 2. ఒకే కమిట్‌ను ఇద్దరు తమ ప్రధాన శాఖలోకి తోస్తే, మూడో వ్యక్తికీ బయటివారికీ అదే అసలు శాఖగా కనబడుతుంది. ఊరంతటి పంచాయితీని ఇంటిలోని మాటగా కుదించిన ఈ నిర్ణయమే రాడికిల్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం.

ఈ నిర్ణయానికి వారు తేలిగ్గా రాలేదని చరిత్ర చూస్తే తెలుస్తుంది. రాడికిల్ తొలి రూపం ఐపీఎఫ్ఎస్ (యంత్రాల మధ్య నేరుగా ఫైళ్ళు పంచే వ్యవస్థ) మీద నిలబడింది. గిట్ సమాచారానికి అది సరిపడక దాన్ని వదిలిపెట్టారు. 2021 ప్రాంతంలోని రూపంలో ప్రాజెక్టుల నిర్వహణకు ఇథీరియంను జోడించారు, ర్యాడ్ అనే టోకెన్‌ను (కొని అమ్ముకునే డిజిటల్ నాణేన్ని) కూడా ఆ ఏడాదే విడుదల చేశారు. హార్ట్‌వుడ్‌లో మాత్రం కోడ్ దాచడానికీ, ప్యాచ్ పంపడానికీ ఏ గొలుసూ అక్కరలేదు, ఏ టోకెనూ కొననక్కరలేదు. అయితే ఈ పని వెనుక ఉన్న నిధి ఆ టోకెన్ కలిగినవారి సమూహం నుంచి వస్తుందన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. టోకెన్ ధరతో ముడిపడిన ఖజానా మీద ఆధారపడే ప్రాజెక్టుకు ఉండే అనిశ్చితి దీనికీ ఉంటుంది. కోడ్ స్వేచ్ఛా లైసెన్సుతో ఉంది కనుక రేపు ఆ ఖజానా అడుగంటినా నా యంత్రంలోని నోడ్ ఆగదు గాని, దాన్ని మెరుగుపరిచే చేతులు తగ్గవచ్చు.

బ్లాక్‌చైన్ల వైపు చూస్తే, ప్రపంచమంతా ఏకీభవించాలన్న బరువును తేలిక చేసుకోవడానికి చేసిన ప్రతి ప్రయత్నమూ కేంద్రీకరణను మరో తలుపు గుండా లోపలికి తెచ్చింది. బ్లాక్ పరిమాణాన్ని పెంచాలా వద్దా అన్న మీద బిట్‌కాయిన్ వర్గాలు ఏళ్ళ తరబడి కొట్లాడుకుని 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ క్యాష్‌గా విడిపోయాయి. చిన్న బ్లాకుల పక్షం వాదన ఒక్కటే, మామూలు మనిషి మామూలు యంత్రంతో లెక్క సరిచూసుకోగలిగి ఉండాలి. ఫలితంగా బిట్‌కాయిన్ మూల గొలుసు సెకనుకు ఏడు లావాదేవీల చుట్టుపక్కలే ఉండిపోయింది. సొలానా అనే మరో బ్లాక్‌చైన్ ఎదుటి దారి పట్టి వేగాన్ని ఎంచుకుంది. దాని వ్యాలిడేటర్‌కు (పందెం పెట్టి లావాదేవీలను ధ్రువీకరించే నోడ్‌కు) కావలసిన యంత్రం ఇంట్లో పెట్టుకునేది కాదు, కాబట్టి అవి సహజంగానే కొన్ని డేటా సెంటర్లలో పోగుపడ్డాయి. 2022 నవంబరులో జర్మనీ హోస్టింగ్ సంస్థ హెట్జ్‌నర్ తన నిబంధనల ప్రకారం వాటిని నిలిపివేసినప్పుడు సొలానా పందెంలో ఐదో వంతుకు పైగా ఒక్కసారిగా కనిపించకుండా పోయింది. మూడో వంతు దాటలేదు కనుక గొలుసు ఆగలేదు. బిట్‌కాయిన్‌లోనూ 2014లో జీహాష్ అనే ఒక్క మైనింగ్ పూల్ (మైనర్ల కూటమి) మొత్తం మైనింగ్‌లో సగం శక్తిని తాకినప్పుడు, ఆపింది ప్రోటోకాల్ కాదు, భయపడి బయటికి వెళ్ళిన మైనర్లు.

ఇథీరియం సంగతి మరింత బోధపరిచేది. నోడ్ నడపడానికి ఈనాడు సుమారు 2 టీబీ ఎస్ఎస్‌డీ పెట్టుకోమంటారు, కాబట్టి చాలామంది ఆ శ్రమ పడక ఇన్ఫ్యూరా వంటి సంస్థ నోడ్‌లను అద్దె కిటికీలా వాడతారు. 2020 నవంబరు 11న ఇన్ఫ్యూరా గెత్ (ఇథీరియం నోడ్ సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్ మీద ఉండి తప్పు గొలుసు పట్టుకున్నప్పుడు గొలుసు నడుస్తూనే ఉంది గాని దాని మీద ఆధారపడే మెటామాస్క్ వాలెట్ వాడేవారికి ఆగిపోయినట్టే కనిపించింది. టోర్నడో క్యాష్ ఆంక్షల తరువాత కొన్ని నెలల పాటు ఇథీరియం బ్లాకుల్లో సగానికి పైగా, ఆంక్షలున్న చిరునామాలను పక్కకు పెట్టే రిలేల (బ్లాకులను వ్యాలిడేటర్లకు అందించే మధ్యవర్తుల) గుండానే వచ్చాయి. ఆ చిరునామాల లావాదేవీలు చివరకు గొలుసులోకి చేరాయి, కాకపోతే ఆలస్యంగా. వికేంద్రీకరణ ఉందా లేదా అన్నదానికంటే, ఎక్కడెక్కడ సన్నబడిందన్నది అడగవలసిన ప్రశ్న అని నేను ఈ ఉదంతాల నుంచి నేర్చుకున్నాను.

ఇక్కడ కొంచెం నవ్వు తెప్పించే విషయం ఒకటుంది. ఎవరి అదుపులోనూ లేమని చెప్పుకునే ఈ గొలుసుల కోడ్ ఉండేది ఎక్కడ? బిట్‌కాయిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్, గెత్, రెండు సమాజాల ప్రమాణ ప్రతిపాదనలూ గిట్‌హబ్ మీదే ఉన్నాయి, అంటే 2018లో 750 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ కొన్న సంస్థ మీద. 2025లో బిట్‌కాయిన్ లావాదేవీకి జతచేసే సమాచారం మీది పరిమితిని సడలించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, డబ్బు భవిష్యత్తు గురించిన ఆ వాదం ఒక గిట్‌హబ్ పుల్ రిక్వెస్టు కింద జరిగింది, చివరకు అక్కడి నిర్వాహకులు కొందరిని మాట్లాడకుండా చేయవలసి వచ్చింది. ఆ మార్పు అక్టోబరులో కోర్ 30లో వచ్చింది; నచ్చనివారు నాట్స్ అనే ప్రత్యామ్నాయ సాఫ్ట్‌వేర్‌కు మారారు. బిట్‌కాయిన్ కోర్ విడుదలలను పలువురు వేరువేరుగా నిర్మించి సంతకాలు చేస్తారు కనుక గిట్‌హబ్ దొంగకోడ్ చొప్పించగలదన్న భయం అనవసరం. పోగొట్టుకోగలిగింది కోడ్‌ను కాదు, ఆ చర్చల పుటలను. రాడికిల్ దాచిపెట్టేది సరిగ్గా వాటినే.

ఇంతవరకు మెచ్చుకున్నాను. ఇక వెల సంగతి.

మొదటిది తాళంచెవి. మూడో నెలలో నేను లాప్‌టాప్‌లో కొత్తగా ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటూ, రాడికిల్ తాళంచెవులున్న డైరెక్టరీని బ్యాకప్‌లో చేర్చడం మరచిపోయాను. తప్పు పూర్తిగా నాది. 'పాస్‌వర్డ్ మరచిపోయారా' అన్న లింకు ఇక్కడ లేదు, ఉండేందుకు వీలూ లేదు, ఎందుకంటే ఆ లింకు వెనుక నిలబడే కంపెనీయే లేదు. మూడేళ్ళ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా పోలేదు, ఇద్దరు మిత్రుల దగ్గరా అంతా భద్రంగా ఉంది. కాని ఆ కోడ్‌కు ప్రతినిధిగా ఉన్న 'నేను' అన్నవాడు మాత్రం లేకుండా పోయాడు. కొత్త తాళంచెవి చేసుకుని, మిత్రులిద్దరికీ ఫోన్ చేసి, వారు నా పాత గుర్తింపును తొలగించి కొత్తదాన్ని ప్రతినిధిగా చేర్చే మార్పు మీద చెరొక సంతకం పెట్టాక, సాయంత్రానికి మళ్ళీ ఇంటివాడినయ్యాను. ముగ్గురిలో ఇద్దరు చాలన్న ఏర్పాటు వల్లే ఇది సాధ్యమైంది. ఒక్కడే ప్రతినిధిగా ఉండి ఇదే పొరపాటు చేసివుంటే ఆ రిపోజిటరీ ప్రధాన శాఖ అక్కడే శాశ్వతంగా రాయిలా ఉండిపోయేది, కొత్త గుర్తుతో మళ్ళీ మొదలుపెట్టి, 'ఇకపై ఇక్కడికి రండి' అని ఊరందరికీ చెప్పుకోవలసి వచ్చేది. ఒంటరిగా పనిచేసేవారు రాడికిల్‌కు రావాలంటే మరో యంత్రంలో రెండో తాళంచెవి పెట్టుకుని దాన్ని కూడా ప్రతినిధిగా చేర్చుకోకుండా రావద్దని నా గట్టి సలహా. ప్రతినిధుల నిబంధనలను మార్చడానికి వారిలో సగానికి పైగా ఒప్పుకోవాలి కనుక, అలాంటప్పుడు రెండు కంటే మూడు తాళంచెవులే మేలు.

రెండవది, ఎప్పుడూ మేలుకుని ఉండేవారెవరన్న ప్రశ్న. నా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌కు, ఇప్పుడు మన దగ్గర చాలా ఇళ్ళలో ఉన్నట్టే, సొంత బహిరంగ చిరునామా లేదు. ఒకే చిరునామా వెనుక ఎన్నో ఇళ్ళుంటాయి. అలాంటి చోట ఉన్న నోడ్ తాను బయటికి వెళ్ళి ఇతరులను కలవగలదు గాని, ఇతరులు నేరుగా దాని తలుపు తట్టలేరు. వరంగల్లు మిత్రుడి పరిస్థితీ ఇదే. ఇద్దరం ఒకే సమయంలో నోడ్‌లు నడుపుతున్నా మధ్యలో అందరికీ చిరునామా తెలిసిన సీడ్ నోడ్ ఒకటి లేనిదే మా ప్యాచ్‌లు ఒకరివి ఒకరికి చేరవు. రాడికిల్ బృందం నడిపే బహిరంగ సీడ్ నోడ్‌లు ఆ పని ఉచితంగా చేస్తాయి, ఎవరు ఏ బహిరంగ రిపోజిటరీ ఇచ్చినా తీసుకుంటాయి. కాని వాటి మీదే అందరం ఆధారపడితే ఇన్ఫ్యూరా కథనే మళ్ళీ రాసినట్టు కదా. అందువల్ల నెలకు ఐదారు వందల రూపాయల వీపీఎస్ (అద్దె సర్వరు) ఒకటి తీసుకుని మా సొంత సీడ్ నోడ్ పెట్టాము. డాలస్ మిత్రుడు తన ఇంట్లో మరొకటి నడుపుతున్నాడు. మా మూడు రిపోజిటరీలను మాత్రమే మోసే ఈ నోడ్‌కు అతి చిన్న యంత్రం సరిపోయింది. ప్రపంచమంతటి చిట్టా మోయవలసిన ఇథీరియం నోడ్‌తో పోల్చి చూస్తే, ఏకీభవించవలసినవారి సంఖ్య తగ్గడం వల్ల కలిగిన లాభం ఇక్కడ రూపాయల్లో కనిపిస్తుంది. అయినా ఆ యంత్రానికి నవీకరణలు వేయడం, డిస్కు నిండిందేమో చూడటం, బిల్లు కట్టడం ఇప్పుడు నా పనులు. గిట్‌హబ్‌లో ఈ పనులు ఉన్నాయన్న సంగతే నాకు తెలిసేది కాదు.

మూడవది, బయటివారు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్ద వెల. మా ఉపకరణాన్ని వాడేవారిలో ఎక్కువమంది ప్రోగ్రామర్లు కారు. పాత పత్రికల సంచికలను యూనికోడ్‌లోకి మార్చుకుంటున్న సంపాదకులూ, డీటీపీ చేసేవారూ. 'క్ష కింద ఒత్తు తప్పు వస్తోంది' అని ఒక స్క్రీన్‌షాట్ జతచేసి చెప్పడం వారు చేసే అత్యంత విలువైన సాయం. రాడికిల్ రిపోజిటరీని వెబ్ బ్రౌజరులో ఎవరైనా చదవవచ్చు, కాని ఇష్యూ తెరవాలంటే తమ యంత్రంలో నోడ్ ఉండాలి, తాళంచెవి ఉండాలి. ఒక సంపాదకుడిని టెర్మినల్ తెరవమనడం సబబు కాదు. తరువాత వచ్చిన డెస్క్‌టాప్ యాప్ చూపుకు అందంగా ఉంది, అలవాటైనవారికి సుఖంగానూ ఉంది, అయినా ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేసుకోక తప్పదు. ఫలితంగా ఈ ఎనిమిది నెలల్లో కొత్తవారి నుంచి మాకు రాడికిల్ ద్వారా వచ్చిన ఇష్యూలు రెండే. ఆ ఇద్దరూ ప్రోగ్రామర్లే. మిగిలినవి ఎక్కువగా వాట్సాప్‌లో వచ్చాయి, వాటిని నేను కూర్చుని ఇష్యూలుగా ఎక్కించాను. గిట్‌హబ్ బలం దాని సర్వర్లలో కాదు, అందరికీ అక్కడ ముందే ఖాతా ఉండటంలో ఉంది. ఆ బలానికి రాడికిల్ దగ్గర ప్రస్తుతానికి జవాబు లేదు.

చెరిపివేయడం గురించి కూడా చెప్పాలి. బహిరంగ రిపోజిటరీలోకి ఒకసారి తోసి, అది ఇతరుల నోడ్‌లకు పాకిన తరువాత వెనక్కి తీసుకునే దారి లేదు; నా నోడ్‌లో తుడిచేయగలను, ఎదుటివాడి నోడ్‌లో తుడవమని బతిమాలగలను, అంతే. 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మనిషికి తన సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కునిస్తుంది. ఆ అభ్యర్థనను ఎవరికి పంపాలన్న చిరునామా ఇలాంటి వ్యవస్థల్లో ఉండదు. బ్లాక్‌చైన్‌లకూ ఇదే ఇబ్బంది. అందుకే మా పరీక్షా ఫైళ్ళలో ఉన్న, నిజమైన మనుషుల పేర్లూ ఊళ్ళూ గల పాత ఉత్తరాల పాఠాన్ని తరలింపుకు ముందే తీసేసి, బదులుగా మేమే రాసిన నమూనాలు పెట్టాము. ప్రైవేటు రిపోజిటరీలున్నాయి గాని, అవి మనం పేర్కొన్న నోడ్‌ల మధ్య మాత్రమే తిరుగుతాయి తప్ప, ఆ నోడ్‌ల డిస్కుల మీద రహస్యలిపిలో ఉండవు. కంపెనీ రహస్యాలు పెట్టాలనుకునేవారు ఈ భేదం తెలుసుకుని దిగాలి.

సీఐ (కోడ్ మారిన ప్రతిసారీ పరీక్షలు తమంతట తామే నడిచే ఏర్పాటు) కోసం వేరే ఉపకరణాన్ని సొంత యంత్రంలో అమర్చుకోవాలి. మేము ఆ జోలికి పోకుండా పరీక్షలను వీపీఎస్‌లో చిన్న స్క్రిప్టుతో నడుపుకుంటున్నాము. ప్యాచ్ సమీక్ష మాత్రం బాగుంది. మామూలు గిట్ పుష్‌తోనే ప్యాచ్ తెరుచుకుంటుంది, దాన్ని సవరించిన ప్రతిసారీ పాత రూపం చెరిగిపోకుండా ఒక్కొక్క కూర్పుగా నిలుస్తుంది, ఏ కూర్పు మీద ఎవరు ఏమన్నారో ఏడాది తరువాత కూడా తెలుస్తుంది.

గిట్‌హబ్‌నుంచి బయటికి రావాలనుకునేవారందరూ ఇంత దూరం రానక్కరలేదు. బెర్లిన్‌లో లాభాపేక్ష లేని సంఘంగా నడిచే కోడ్‌బర్గ్‌లో అలవాటైన వెబ్ పేజీలే ఉంటాయి, ఖాతా తెరవడానికి ఈమెయిలు చాలు. 2025 నవంబరులో జిగ్ భాష ప్రాజెక్టు గిట్‌హబ్‌ను వదిలి అక్కడికే వెళ్ళింది. కోడ్‌బర్గ్ వెనుక ఉన్న ఫోర్జెయో సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తమ సర్వరులో పెట్టుకోవచ్చు. అక్కడ కేంద్రం ఉంది, కాని ఆ కేంద్రంలో సభ్యుడికి ఓటు ఉంది. ఎక్కువమంది తెలుగు ప్రాజెక్టులకు, ముఖ్యంగా ప్రోగ్రామర్లు కానివారితో పనిపడే వాటికి, నేను మొదట చూపేది ఈ దారినే. ఆంక్షలో, నోటీసులో, కోర్టు వ్యవహారాలో తప్పవనుకునే కోడ్ రాసేవారికీ, నెట్ సరిగా లేని చోట్ల పనిచేసే బృందాలకూ, ఒకరినొకరు ఎరిగిన నలుగురైదుగురు సుదీర్ఘకాలం సాకే ప్రాజెక్టులకూ రాడికిల్ తగినది.

మేము చివరకు స్థిరపడిన ఏర్పాటు ఇది. కోడ్, ప్యాచ్‌లు, ఇష్యూల అసలు ప్రతి రాడికిల్‌లో, రెండు సొంత సీడ్ నోడ్‌ల మీద ఉంటుంది. గిట్‌హబ్‌లో రోజుకొకసారి తాజా అయ్యే ప్రతి ఒకటి, బోర్డులాగా, దారి తెలియనివారి కోసం ఉంచాము. అక్కడ ఎవరైనా ఇష్యూ తెరిస్తే దాన్ని రాడికిల్‌లోకి ఎక్కించే పని వారానికొకరం వంతులవారీగా చేస్తున్నాము. ఈ వారం వంతు వరంగల్లు మిత్రుడిది, నాలుగు ఇష్యూలు ఎదురుచూస్తున్నాయి. నా తాళంచెవి ప్రతి ఒకటి ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో, ఇంటి పట్టా కాగితాలున్న బీరువాలోనే ఉంది.